సరాఫినా - పాటకు వదిలేసిన భాష



ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో తమిళమో ఇంగ్లీషో - ఇలా రోజూ రెండు మూడు గడపలు దాటుతూ పెరిగినవాళ్ళం మనం. కోయంబత్తూరు, మదురై చుట్టుపట్ల మన తెలుగు కుటుంబాలు స్థిరపడి కొన్ని వందల ఏళ్ళయింది. మనలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అందుకే ఈ సంగతి కాగితం మీద పెట్టి ఇవ్వటం కంటే మీ చెవిన వేయటమే మేలనిపించింది.

ఇవాళ చెప్పబోయేది ఒక సినిమా గురించి. పేరు ‘సరాఫినా’. దక్షిణాఫ్రికాలో తీసిన ఆంగ్ల చిత్రం, 1992లో విడుదలయింది. పాటలూ ఆటలూ నిండుగా ఉన్న సినిమా. మనకు పాటల సినిమాలు కొత్త కాదు కదా అంటారు. నిజమే. కానీ ఇందులో పాడేది బడిపిల్లలు. యూనిఫాం వేసుకుని, దుమ్ము రేగే బడి ఆవరణలో పాడతారు. గేటు బయట తుపాకులు పట్టుకున్న సైనికులు ఉంటారు. ఆ పిల్లలు అలా ఎందుకు పాడుతున్నారో తెలియాలంటే సినిమా కంటే ముందు ఒక ప్రభుత్వ ఉత్తర్వు గురించి చెప్పుకోవాలి. నేను బడిపంతులు ఉద్యోగం చేసేదాన్ని కాబట్టి ఉత్తర్వులంటే నాకు కాస్త పట్టింపు ఎక్కువ.

దక్షిణాఫ్రికాలో 1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. అప్పటిదాకా అలవాటుగా, అక్కడక్కడ చట్టంగా ఉన్న జాతి వివక్షను వాళ్ళు దేశమంతటికీ వర్తించే కట్టుదిట్టమైన ఏర్పాటుగా మార్చారు. మనుషుల్ని తెల్లవారు, నల్లవారు, మిశ్రమ జాతివారు, భారతీయులు అని నాలుగు వర్గాలు చేసి, ఎవరు ఎక్కడ కాపురముండాలో, ఏ రైలుపెట్టె ఎక్కాలో, ఏ బళ్ళో చదవాలో నిర్ణయించారు. 1953లో బంటూ విద్యా చట్టం చేశారు. దాని వెనక ఉన్న మంత్రి హెండ్రిక్ వెర్వూర్డ్ ఉద్దేశం దాచిపెట్టుకోలేదు. నల్లవాడి పిల్లకు కూలిపని, ఇంటిపని చేయటానికి సరిపడా చదువు చాలు, అంతకు మించి చెబితే తనకు దక్కని పచ్చికను చూపించినట్టవుతుందని ఆయన వాదన. 1975-76 సంవత్సరంలో ఒక తెల్ల విద్యార్థి మీద ప్రభుత్వం చేసిన ఖర్చు 644 రాండ్లు. ఒక నల్ల విద్యార్థి మీద 42 రాండ్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే తక్కిన కథంతా ఉంది: పైకప్పు కారే గదులు, ఒక్కో గదిలో అరవై డెబ్భైమంది, సరిగా శిక్షణ లేని ఉపాధ్యాయులు.

1974లో ఆ ఉత్తర్వు వచ్చింది. నల్లపిల్లల బళ్ళలో సగం పాఠాలు ఆఫ్రికాన్స్ భాషలో, సగం ఇంగ్లీషులో చెప్పాలి. ఆఫ్రికాన్స్ అంటే ఒకప్పుడు డచ్చి దేశం నుంచి వచ్చి స్థిరపడిన తెల్లవారి సంతతి మాట్లాడే భాష. లెక్కలు, చరిత్ర, భూగోళం ఆఫ్రికాన్స్‌లో. సామాన్యశాస్త్రం, చేతిపనులు ఇంగ్లీషులో. మరి పిల్లల సొంత భాషలు - జూలూ, ఖోసా, సోతో వంటివి? వాటికీ చోటిచ్చారు. మతబోధకు, వ్యాయామానికి, సంగీతానికి.

ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. లెక్క కట్టటానికి, చరిత్ర తెలుసుకోవటానికి, ప్రశ్న వేయటానికి పనికిరాని భాష పాడుకోవటానికి పనికొస్తుందని ఆ ఉత్తర్వు రాసినవాళ్ళు అనుకున్నారు. పాట వల్ల ఎవరికీ ప్రమాదం లేదని వాళ్ళ నమ్మకం కాబోలు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. ‘అయితే పిల్లలు మాతృభాషలో చదువు కావాలని పోరాడారన్నమాట’ అని. కాదండీ. ఇది మనలాంటి వాళ్ళు జాగ్రత్తగా అర్థం చేసుకోవలసిన చోటు. బంటూ విద్యా విధానంలో మొదటి ఎనిమిదేళ్ళ చదువు మాతృభాషలోనే సాగాలని ప్రభుత్వమే నియమం పెట్టింది. ప్రేమతో కాదు. ఒక్కో తెగను ఒక్కో భాషలో బంధించి, ఒకరితో ఒకరిని కలవనీయకుండా, లోకంతో మాట్లాడనీయకుండా ఉంచటానికి. అందుకని నల్లవారి తల్లిదండ్రులు చాలామంది ఇంగ్లీషే కావాలన్నారు. ఇంగ్లీషు కూడా పరాయిదే, కానీ అది ఉద్యోగానికీ, ప్రపంచానికీ దారి. ఆఫ్రికాన్స్ అలా కాదు. అది అనుమతి పత్రం ఏదని వీధిలో నిలదీసే పోలీసు భాష, కోర్టులో శిక్ష చదివే భాష. మాతృభాష మంచిది, పరభాష చెడ్డది అని మనం వేదికల మీద చెప్పుకునే సూత్రం అక్కడ పనిచేయదు. భాషను ఎవరు, ఎందుకు, ఎవరి నెత్తిన పెడుతున్నారన్నదే అసలు ప్రశ్న.

ఉపాధ్యాయుల్లో చాలామందికే ఆఫ్రికాన్స్ సరిగా రాదు. రాని భాషలో లెక్కలు చెప్పేవాడు, రాని భాషలో వినేవాడు! 1976 జూన్ 16, బుధవారం. జొహానెస్‌బర్గ్ నగరాన్ని ఆనుకుని ఉన్న సోవెటో అనే నల్లవారి పేటల సముదాయంలో, నలేడి హైస్కూలు, మారిస్ ఐజాక్సన్ హైస్కూలు మొదలైన బళ్ళ పిల్లలు వేల సంఖ్యలో ఊరేగింపుగా బయలుదేరారు. మారిస్ ఐజాక్సన్ పిల్లలను నడిపించినవాడు ట్సియెట్సి మషినీని అనే పంతొమ్మిదేళ్ళ విద్యార్థి. చేతిరాత అట్టముక్కలు పట్టుకుని, పాడుకుంటూ నడిచారు. ఓర్లాండో వెస్ట్ దగ్గర పోలీసులు అడ్డుపడి, ముందు బాష్పవాయువు, తరువాత తూటాలు ప్రయోగించారు. పన్నెండేళ్ళ హెక్టర్ పీటర్సన్ కూలిపోయాడు. ఆ పిల్లవాణ్ణి చేతుల్లో ఎత్తుకుని మరో కుర్రవాడు పరుగెత్తుతుంటే, పక్కన అక్క ఏడుస్తూ పరుగెత్తుతున్న ఫొటో ఒకటుంది. సామ్ ఎన్‌జిమా అనే పత్రికా ఛాయాగ్రాహకుడు తీశారు. ప్రపంచమంతటా పత్రికల్లో వచ్చింది. మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు.

మూడు వారాలు తిరగకముందే, జూలై 6న, ఆఫ్రికాన్స్ తప్పనిసరి నిబంధనను ప్రభుత్వం వెనక్కు తీసుకుంది. అప్పటికి అది భాష గొడవగా మిగల్లేదు. అల్లర్లు దేశమంతటా పాకాయి. ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే 1977 ఫిబ్రవరి వరకూ 575 మంది చనిపోయారని లెక్క తేల్చింది. 1995 నుంచి దక్షిణాఫ్రికాలో జూన్ 16 యువజన దినం, సెలవురోజు.

ఇక సినిమా సంగతి. అది మొదట నాటకం. ఎంబొంగెని ఎన్‌గెమా అనే జూలూ నాటకకర్త రాసి, పాటలు కట్టి, 1987లో జొహానెస్‌బర్గ్‌లోని మార్కెట్ థియేటర్‌లో ప్రదర్శించాడు. సంగీతంలో హ్యూ మసెకెలా అనే ప్రఖ్యాత ట్రంపెట్ వాద్యకారుడి చెయ్యి ఉంది. పేటల నుంచి ఏరి తెచ్చిన పడుచు పిల్లలకు ఎన్‌గెమా స్వయంగా తర్ఫీదు ఇచ్చాడు. వాళ్ళే 1988లో న్యూయార్క్ బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కి, 597 ప్రదర్శనలిచ్చారు. డర్బన్ దగ్గరి క్వామాషు పేటలో పెరిగిన లెలెటి ఖుమాలో నాటకంలోనూ, తరువాత సినిమాలోనూ సరాఫినాగా నటించింది. సినిమాకు దర్శకుడు డారెల్ రూట్. చిత్రీకరణ సోవెటోలోనే చేశారు.

కథలో సరాఫినా హైస్కూలు పిల్ల. తల్లి తెల్లవాళ్ళ ఇంట్లో పనిమనిషి. సరాఫినా గదిలో నెల్సన్ మండేలా ఫొటో ఉంటుంది. దానితో ఆమె కబుర్లు చెబుతుంది, అలుగుతుంది, ఎప్పుడొస్తావని నిలదీస్తుంది. సినిమా తారలా వెలిగిపోవాలని ఆమె కోరిక. అటువంటి మామూలు పిల్ల అని ముందు మనకు నమ్మకం కలిగించి, ఆ తరువాతే దర్శకుడు తక్కినది చూపిస్తాడు. 1976 నాటి ఘటనలనూ, 1985, 86లలో విధించిన అత్యవసర పరిస్థితి నాటి వాతావరణాన్నీ సినిమా ఒకే కథలో కలిపేసింది. చరిత్ర పాఠంగా చూస్తే ఇది తప్పే. పిల్లలకు చూపించేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది చరిత్ర చెప్పే టీచరు మేరీ మసొంబుకా పాత్ర. వూపీ గోల్డ్‌బర్గ్ నటించింది. సిలబస్‌లో లేనిదాన్ని ఆమె పాఠంలో చెబుతుంది. ఎక్కడా గొంతు పెంచదు. ప్రశ్న వేసి, పిల్లల చేతనే జవాబు రప్పిస్తుంది. ఒకరోజు పోలీసులు వచ్చి ఆమెను పట్టుకుపోతారు. నిర్బంధంలోనే ఆమె చనిపోయిందన్న కబురు వస్తుంది. అమెరికన్ తారను తెచ్చి పెట్టటం వల్ల చూపు అటు లాగుతుందని విమర్శ ఉంది, కొంత నిజం కూడా. అయినా తరగతి గదిలో ఆమె నిలబడే తీరు చూస్తే, ఎప్పుడో ఎక్కడో మనకు పాఠం చెప్పిన ఒక మనిషి గుర్తుకు రాకుండా ఉండదు.

తల్లిగా నటించినది మిరియం మకేబా. ఆఫ్రికా గాయనీమణుల్లో ఆమెది పెద్ద పేరు. 1960లో ఆమె పాస్‌పోర్టు రద్దు చేసి, తల్లి అంత్యక్రియలకు కూడా రానివ్వని దేశంలోకి ముప్ఫై ఏళ్ళ తరువాత 1990లో అడుగుపెట్టింది. ఆ వెంటనే చేసిన సినిమా ఇది. మొదట్లో సరాఫినాకు తల్లి అంటే చులకన, తెల్లవాళ్ళకు తల వంచి బతుకుతోందని. జైల్లో పెట్టిన చిత్రహింసలన్నీ అనుభవించి బయటకు వచ్చాక తిన్నగా తల్లి దగ్గరకే వెళుతుంది. మాటలు తక్కువ. రెండోసారి చూసినప్పుడు నేను ఆ చోట లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగివచ్చాను.

ఒక హెచ్చరిక. పిల్లలు తమ పేటకే చెందిన సబేలా అనే నల్ల కానిస్టేబులును తగలబెట్టే దృశ్యం ఉంది. జైలు దృశ్యాలూ ఉన్నాయి. చిన్నపిల్లల పక్కన కూర్చుని చూసే సినిమా కాదు. అయితే ఆ దృశ్యాన్ని తీసేయకపోవటమే ఈ సినిమా నిజాయితీ అని నా అభిప్రాయం. అన్యాయానికి గురైనవాళ్ళు చేసిందంతా న్యాయమేనని అది చెప్పదు. సరాఫినా కూడా ఆ రాత్రిని తన లోపల మోస్తూనే ఉంటుంది.

ఇప్పుడు పాటల దగ్గరకు వద్దాం. ఈ సినిమాలో పాట కథను ఆపి వచ్చేది కాదు. అంత్యక్రియల్లో పాట, బడి మైదానంలో పాట. అక్కడి నిజజీవితంలోనూ అంతే. సభలు నిషేధించారు, కరపత్రం దొరికితే జైలు. శవయాత్రను మాత్రం పూర్తిగా ఆపలేకపోయారు. చనిపోయినవాడి వెనక వేలమంది నడుస్తూ, ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకునే పద్ధతిలో పాడేవారు. పాదాలు దబదబా నేలకు కొడుతూ ముందుకు సాగే టోయి-టోయి నాట్యం 80లలో ఊరేగింపులకు గుర్తయింది. మన కోలాటంలోనూ భజనలోనూ ముందు ఒకరు పలికితే వెనక అందరూ పలకటం లేదూ? ఆ లెక్కే. పాడటానికి పుస్తకం అక్కరలేదు, జాబితా అక్కరలేదు, ఎవరు నాయకుడో పోలీసుకు అంతుపట్టదు. ఏ భాషను పాటకు మాత్రమే వదిలేశారో, ఆ భాషలోనే సమాచారమంతా నడిచింది.

ఈ కథలో మన తెలుగువాళ్ళు ఎక్కడున్నారు? ఉన్నారు. 1860 నుంచి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు కూలీ ఒప్పందాల మీద నాటాల్ చెరకు తోటలకు వెళ్ళారు. అందులో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళే, తమిళులతో పాటు విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువాళ్ళూ. 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. జాతి వివక్ష కాలంలో వీళ్ళది మధ్యమెట్టు. తెల్లవారి కింద, నల్లవారి మీద. 1950 నాటి నివాస ప్రాంతాల చట్టం వీళ్ళనూ ఇళ్ళు ఖాళీ చేయించింది. కానీ బడి ఖర్చు విషయంలో వీళ్ళ పిల్లలకు నల్లపిల్లల కంటే ఎక్కువే దక్కింది. మధ్యమెట్టు మీద నిలబడ్డవాడికి కింది మెట్టువాడితో చేయి కలపటం కష్టం. అయినా కలిపినవాళ్ళున్నారు. డర్బన్‌కు చెందిన భారత సంతతి యువకుడు స్ట్రిని మూడ్లీ నాటకాలాడించేవాడు, స్టీవ్ బికోతో కలిసి నల్లజాతి విద్యార్థి సంఘంలో పనిచేశాడు. ఆ సంఘం తొమ్మిదిమంది మీద నడిపిన కేసులో కవితలనూ నాటకాలనూ కూడా సాక్ష్యంగా పెట్టారు. 1976 డిసెంబరులో శిక్షపడి, మూడ్లీ రాబెన్ ద్వీపం జైలుకు వెళ్ళాడు. 1980లో పాఠశాలల బహిష్కరణ మళ్ళీ లేచినప్పుడు నాటాల్‌లోని భారతీయ విద్యార్థులూ తరగతుల నుంచి బయటకు వచ్చారు.

కథ ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఎన్‌గెమా సంగతి ఇంకొకటి చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. ఆయన పుట్టింది డర్బన్ దగ్గరి వెరులంలో, భారతీయులు ఎక్కువగా ఉండే ఊళ్ళో. 2002లో ఆయనే ‘అమాన్‌దియా’ అని ఒక జూలూ పాట కట్టాడు. ఆ మాటకు అర్థం ‘భారతీయులు’ అని. భారతీయ వర్తకులు జూలూలను దోచుకుంటున్నారని అందులో ఆరోపణ. అక్కడి ప్రసార ఫిర్యాదుల సంఘం దాన్ని ద్వేషం రెచ్చగొట్టే పాటగా తేల్చింది. మండేలా స్వయంగా కలగజేసుకుని క్షమాపణ చెప్పమని ఎన్‌గెమాను కోరారు. 2023 డిసెంబరులో ఎన్‌గెమా కారు ప్రమాదంలో మరణించాడు. ‘సరాఫినా’ కట్టిన చేయీ, ఆ పాట కట్టిన చేయీ ఒకటే. నాకు ఆ పాట మీద కోపం వచ్చింది. తరువాత, మధ్యమెట్టు మీది మనవాళ్ళ గురించి కింది మెట్టు నుంచి ఏం కనిపించి ఉంటుందో కూడా ఆలోచించాను. రెండూ చేయక తప్పలేదు.

ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 1996లో దక్షిణాఫ్రికా రాసుకున్న కొత్త రాజ్యాంగం పదకొండు అధికార భాషలను గుర్తించి, ఆ దేశంలోని కొన్ని సమాజాలు వాడే ఇతర భాషల్ని కూడా గౌరవించాలని పేర్లతో సహా రాసింది. ఆ పేర్లలో తమిళం ఉంది, తెలుగు ఉంది. తెలుగు పేరు అక్షరక్రమం కాస్త తప్పుగా అచ్చయింది గానీ, ఉంది.

మరి మన సంగతి? మనల్ని సోవెటో పిల్లలతో పోల్చుకోవద్దు. మనవాళ్ళలో చాలామంది ఈ నేల మీదికి వచ్చింది విజయనగర, నాయక రాజుల వెంట, దండుగా, దొరతనంగా. మదురైలో తిరుమల నాయకుడి మహలు పక్కగా నడిచివెళ్ళే ఎవరికైనా ఆ సంగతి తెలుస్తుంది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష. 1965 జనవరి 25న హిందీకి వ్యతిరేకంగా మదురైలో విద్యార్థుల ఊరేగింపు బయలుదేరి, ఆ గొడవ రాష్ట్రమంతా పాకినప్పుడు, పరభాషను నెత్తిన రుద్దటమంటే ఏమిటో ఇక్కడి పిల్లలూ చెప్పారు. 2006లో వచ్చిన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి క్రమంగా తప్పనిసరి చేసినప్పుడు అల్పసంఖ్యాక భాషల బళ్ళు కోర్టుకు వెళ్ళాయి. అది న్యాయస్థానంలో వాదించుకోవలసిన విషయం, వాదించుకున్నారు. తూటాలు లేవు.

పోలిక ఉన్నది మరోచోట. కోయంబత్తూరులో, మదురైలో, ఈ మధ్య ఊళ్ళన్నిటిలో వీధులు ఊడ్చి, కాలువలు తీసే పనిలో తరాలుగా ఉన్న అరుంధతీయులలో చాలామంది ఇంటిభాష తెలుగే. మన భాషే. సమితులు పెట్టుకుని, ఉగాది చేసుకుని, తెలుగువాళ్ళమంతా ఒక్కటి అనుకునే మనం ఆ లెక్కలో వాళ్ళను కలుపుకోవటం నేను అరుదుగా చూశాను. టీకొట్టులో వాళ్ళకు గ్లాసు వేరుగా పెట్టిన ఊళ్ళు మన ఊళ్ళే. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 18 శాతం రిజర్వేషన్‌లో అరుంధతీయులకు 3 శాతం విడిగా కేటాయించాక వాళ్ళ పిల్లలు కాలేజీ గడప తొక్కటం పెరిగింది. సరాఫినాను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవటం సులువు. ఆమె తల్లి చేసే పని మన ఇంటి వెనక ఎవరు చేస్తున్నారో చూడటం అంత సులువు కాదు.

నిరుడు తొమ్మిదో తరగతికి వివక్ష గురించి పాఠం చెబుతూ, ఈ సినిమాలోని ఒక పాట మాత్రం వినిపించాను. తరువాత ఆ 1974 ఉత్తర్వు సంగతి చెప్పాను. వెనక బెంచీ కుర్రాడొకడు, “టీచర్, పాటల పీరియడు ఒక్కటేనా వాళ్ళ భాషలో?” అన్నాడు. అవునన్నాను. సరే, మీ ఇళ్ళలో పాడే పాట మీ ఇంటి భాషలో ఒకటి పాడండి చూద్దాం అన్నాను. తమిళంలో, కన్నడంలో, సౌరాష్ట్రంలో పాడారు. మునిసిపాలిటీ క్వార్టర్స్ నుంచి వచ్చే ఒక అమ్మాయి తల వంచుకుని తెలుగులో లాలిపాట ఎత్తుకుంది. రెండో చరణానికి ఇందాకటి కుర్రాడు లేచాడు. వాళ్ళది పొలాలున్న నాయుళ్ళ ఇల్లు.

“ఇది మా అవ్వ పాట” అన్నాడు.

“మా అవ్వది కూడా” అంది ఆ అమ్మాయి.

మూడో చరణంలో ఒక మాట దగ్గర ఇద్దరికీ తేడా వచ్చింది. మా అవ్వ ఇలా అంటుందంటే, మా అవ్వ అలా అంటుందని. ఎవరి మాట సరైనదో తేల్చమని నా వైపు చూశారు. నాకూ తెలియలేదు. ఇద్దరూ సాయంత్రం ఇంటికి వెళ్ళి అడిగి, రేపు చెప్పండి అన్నాను. ఇంతలో గంట కొట్టారు.